ఇముడుట వేరు, పనిచేయుట వేరు: గ్రాఫిక్స్ కార్డుల చరిత్ర

కడప పట్టణము మీదుగా పోవు మద్రాసు–బొంబాయి రైలుమార్గము 1871లో పూర్తియైనది. దాని పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. కర్నూలుకు వేసిన మార్గమందు ఆ దూరము 1000 మిల్లీమీటర్లు మాత్రమే. 1990 దశకమునందు కర్నూలు మార్గము కూడ పెద్ద పట్టాలకు మారువరకు, కర్నూలులో సరకు నింపిన పెట్టె నేరుగా కడపకు పోజాలకుండెను. గుంతకల్లు వంటి జంక్షనులో సరకును ఒక బండినుండి దింపి మరియొక బండిలోనికి ఎక్కింపవలసి వచ్చెడిది. పెట్టెయందు లోపము లేదు. పట్టాలయందును లోపము లేదు. రెండును వేర్వేరు ఒడంబడికలకు లోబడి తయారైనవి, అంతియే.

కంప్యూటరు లోపల కూడ ఇట్టి చిక్కే కలదు. పాత డెస్కుటాపు కంప్యూటరునకు కొత్త గ్రాఫిక్స్ కార్డు తగిలించి దాని శక్తిని పెంచవలెనని పాఠశాలలు, కళాశాలలు, విద్యార్థులు తలపెట్టుట సాధారణము. కర్నూలు, కడప పట్టణములలో ఇంజనీరింగు కళాశాలలు 1990కి ముందే వెలసినవి. 2008లో కడప జిల్లా ఇడుపులపాయయందు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము, 2015లో కర్నూలునకు ట్రిపుల్ ఐ.టి.డి.ఎం. వచ్చినవి. ఈ మెట్టసీమలో కంప్యూటరు ఇప్పుడు కొత్త వస్తువు కాదు. కొత్తగా కొనుటకు డబ్బు చాలనిచోట ఉన్నదానినే బాగుచేసికొనుట ఇచ్చటి అలవాటు. అట్టివారు పొరపాటున తగని కార్డు కొన్నచో ఆ కొద్ది సొమ్మును వృథా యగును.

"ఈ కార్డు మా యంత్రమునకు సరిపడునా?" అను ప్రశ్న ఒక్కటిగా కనబడును. నిజమునకు అది అయిదు ప్రశ్నల మూట: స్లాటు కుదురునా, విద్యుత్తు చాలునా, పెట్టెలో చోటును గాలియు కలవా, లోపలి ప్రోగ్రాములు దానిని గుర్తించునా, తెరకు తీగ కలియునా? ఈ అయిదింటికిని అయిదు ఒడంబడికలు కలవు. అవి ఒకే సంవత్సరమున పుట్టినవి కావు. వాటి చరిత్ర తెలిసినవారికి, కొనకముందే జవాబు తెలిసికొను మార్గము దొరకును.

తెరపై బొమ్మ యెట్లు ఏర్పడును?

తెరపై కనబడు ప్రతి బొమ్మయు చిన్న చిన్న చుక్కల కూర్పు. ఆ చుక్కల రంగులను జ్ఞాపకమునందు నిలిపి, సెకనునకు అనేక పర్యాయములు తెరకు పంపుచుండుట గ్రాఫిక్స్ కార్డు చేయు మొదటి పని. కార్డు నానాటికి ఏల పెరిగినదో చిన్న లెక్క చెప్పగలదు. తొలినాటి తెరపై అడ్డముగా 80, నిలువుగా 25 అక్షరములు పట్టెడివి. మొత్తము 2000 అక్షరములు. ఒక్కొక్కదానికి 2 బైట్లు చొప్పున 4000 బైట్లు చాలినవి. నేటి సాధారణమైన తెరపై 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలుగా చుక్కలు కలవు. చుక్క ఒక్కటికి 4 బైట్లు చొప్పున 82,94,400 బైట్లు కావలెను. సెకనునకు 60 పర్యాయములు తెరను నింపుచుండవలెను. ఇది కేవలము చూపుటకు. బొమ్మను లెక్కగట్టి గీయుటకు పట్టు శ్రమ దీనికి అదనము.

1984లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన క్లాస్ అను పథకము క్రింద దేశములోని కొన్ని ఉన్నత పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు చేరినవి. వాటియందు తెరను నడపు భాగములు ప్రధాన ఫలకమునందే అమర్పబడి యుండెను. విడదీయుటకు కార్డు లేదు. కనుక సరిపడునా లేదా అను సందేహమును లేదు. మార్పునకు వీలు కల్పించిన యంత్రముతోనే ఆ సందేహము పుట్టినది.

ఒకే ముడి, రెండు భాషలు

ఐ.బి.ఎం. సంస్థ 1981 ఆగస్టులో విడుదలచేసిన పర్సనల్ కంప్యూటరునందు 5 స్లాట్లు ఉండెను. తెరను నడపుటకు రెండు రకముల కార్డులు అమ్మబడినవి. మొదటిది అక్షరములను మాత్రమే, ఒకే రంగులో, స్పష్టముగా చూపెడిది. రెండవది రంగుబొమ్మలను చూపెడిది గాని దాని అక్షరములు ముతకగా నుండెడివి.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ రెండు కార్డులకును వెనుక భాగమున ఒకే ఆకారముగల 9 పిన్నుల ముడి ఉండెను. కాని వాటినుండి వచ్చు సంకేతములు వేరు. మొదటి కార్డు తెరపై సెకనునకు సుమారు 18,400 అడ్డగీతలు గీయింపగా, రెండవది సుమారు 15,700 గీతలు మాత్రమే గీయించెడిది. ఒకదాని మానిటరును మరియొకదానికి తగిలించినచో తీగ చక్కగా అమరెడిది. మానిటరు చెడిపోవు ప్రమాదమును ఉండెడిది. ఇముడుట వేరు, పనిచేయుట వేరు అను పాఠము ఆ మొదటి సంవత్సరమునందే వ్రాయబడినది.

1987లో ఐ.బి.ఎం. తెచ్చిన వి.జి.ఏ. పద్ధతి 15 పిన్నుల కొత్త ముడిని ప్రవేశపెట్టి ఈ గందరగోళమును చాలవరకు తొలగించెను. ఆ ముడి సుమారు పాతికేండ్లు రాజ్యమేలినది.

లిపి కొరకు పుట్టిన కార్డులు

గ్రాఫిక్స్ కార్డనగానే ఆటలు జ్ఞప్తికి వచ్చును. కాని తొలినాటి ప్రసిద్ధమైన కార్డులలో ఒకటి లిపి కొరకు పుట్టినది. 1982లో వాన్ సువన్నుకుల్ అను థాయి దేశస్థుడు తన పరిశోధన వ్యాసమును థాయి లిపిలో వ్రాసికొనుటకై హెర్క్యులిస్ కార్డును రూపొందించెనని చెప్పుదురు. అక్షరములు మాత్రమే చూపు కార్డులో రోమను లిపి ముందే ముద్రింపబడి యుండెను. దానిని మార్చుటకు వీలులేదు. రంగుబొమ్మల కార్డులో ఒక్కొక్క అక్షరమునకు 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గడి మాత్రమే దొరకెను. థాయి అక్షరముల పైనను క్రిందను వచ్చు గుర్తులకు అది చాలలేదు.

తెలుగునకు ఈ యిబ్బంది మరింత హెచ్చు. గుణింతపు గుర్తు అక్షరము పైకి పోవును, వత్తు క్రిందికి దిగును. "స్త్రీ" అను ఒక్క అక్షరమును వ్రాయుటకు సకార, తకార, రేఫములను, ఈకారమును కూర్పవలెను. ఇన్ని కూర్పులకు ముందుగా అచ్చులు పోసి 256 గళ్ళలో పెట్టుట సాధ్యము కాదు.

ఈ చిక్కును విప్పుటకు కాన్పూరులోని ఐ.ఐ.టి.యందు భారతీయ లిపులపై పరిశోధన జరిగెను. ఆ కృషి 1988లో పూణేయందు స్థాపింపబడిన సి–డాక్ సంస్థకు చేరి, జిస్ట్ కార్డుగా ప్రచారమునకు వచ్చినది. ఈ కార్డును కంప్యూటరు స్లాటులో అమర్చినచో, ఆంగ్లము కొరకు వ్రాయబడిన డాస్ ప్రోగ్రాములలోనే తెలుగు మొదలగు భారతీయ లిపులను వ్రాయుటకు, చూచుటకు వీలు కలిగెను. ప్రోగ్రాము సంకేతసంఖ్యలను మాత్రమే పంపును. వాటిని అక్షరములుగా కూర్చి తెరపై నిలుపు భారము కార్డు వహించును. ఇందులకు మూలమైన సంకేతపట్టిక "ఇస్కీ" అను పేర 1991లో భారత ప్రమాణముగా వెలువడెను. 1966లోనే తెలుగు అధికారభాషగా చట్టము చేసికొనిన రాష్ట్రములో జిల్లా కార్యాలయములకు కంప్యూటర్లు చేరుచున్న కాలమది. యంత్రములో తెలుగు కావలెనన్నచో ఆ దినములలో ఒక స్లాటు ఖాళీగా నుండవలెను.

తరువాత ఆ కార్డు ఏమైనది? దాని పని అక్షరములను మాత్రమే పంపు ప్రోగ్రాములతో కుదిరినది. విండోస్ వంటి పద్ధతులు వ్యాపించిన పిదప తెరనంతయు బొమ్మగానే గీయసాగిరి. కార్డు ఆశ్రయించిన ఒడంబడిక మారిపోయెను. అది కూర్చుండిన పాత స్లాటు కూడ క్రమముగా మదర్‌బోర్డులనుండి మాయమయ్యెను. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగునకు స్థానము దొరకెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో "గౌతమి" అను తెలుగు అక్షరరూపము లభించెను. కార్డు చేసిన పనిని ప్రోగ్రామే చేయసాగినది. అయితే ఇస్కీలో దాచిన పాత వ్రాతలు నేడు చదువవలెనన్నచో వాటిని యూనికోడ్‌లోనికి మార్పవలెను. యంత్రము పోయినను అది చేసిన ఒడంబడిక తాలూకు లెక్క మిగిలియే యుండును.

స్లాట్ల కథ

1981 నాటి స్లాటు ఒక్కసారికి 8 బిట్లను పంపెడిది. 1984లో అది 16 బిట్లకు పెరిగినది. పాత కార్డులు కొత్త స్లాటులో కూడ పనిచేయునట్లు దానిని పొడిగించిరి. 1987లో ఐ.బి.ఎం. పూర్తిగా వేరైన స్లాటును తెచ్చినది. పాత కార్డు లేవియు అందు ఇమడలేదు, ఇతర తయారీదారులు దానిని ఆదరింపలేదు, అది నిలువలేదు. కొనినవారి పాత సామగ్రిని లెక్కచేయని ఒడంబడికకు ఆయువు తక్కువ.

1992లో ఇంటెల్ ప్రతిపాదించిన పి.సి.ఐ. స్లాటు సెకనునకు 133 మెగాబైట్లను పంపగలిగెను. 1990 దశకపు చివర మూడు పరిమాణముల బొమ్మలు గీయు కార్డులు రాగా అదియు చాలలేదు. 1997 నుండి గ్రాఫిక్స్ కార్డునకే ప్రత్యేకించిన ఏ.జి.పి. స్లాటు వాడుకలోనికి వచ్చెను. దాని తొలిరూపము 3.3 వోల్టులతోను, తరువాతి రూపములు 1.5, 0.8 వోల్టులతోను సంకేతములు పంపెడివి. తగని కార్డు దూరకుండుటకై కార్డు అంచున గంట్లు, స్లాటులో అడ్డుకట్టలు పెట్టిరి. కాని గంట్లు సరిగా వేయని కార్డులును బజారులోనికి వచ్చినవి. అట్టి కార్డును 1.5 వోల్టుల మదర్‌బోర్డులో పెట్టినచో బోర్డే దెబ్బతినగలదు.

2003లో ప్రమాణముగా వెలువడి, 2004 నుండి బోర్డులపై కనబడిన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ నేటికిని నడచుచున్నది. దీనియందు సమాచారము వేర్వేరు వరుసలలో ప్రవహించును. గ్రాఫిక్స్ కార్డు స్లాటులో సాధారణముగా 16 వరుసలు ఉండును. తొలి తరములో వరుస ఒక్కటికి సెకనునకు 250 మెగాబైట్లు. 2007 నాటి రెండవ తరములో 500. 2010 నాటి మూడవ తరములో సుమారు 985. 2017 నాటి నాల్గవ తరములో సుమారు 1969. తరములు మారినను స్లాటు ఆకారము మారలేదు. కొత్త కార్డు పాత స్లాటులోను, పాత కార్డు కొత్త స్లాటులోను కూర్చుండును. రెండింటిలో తక్కువ తరమేదో ఆ వేగముతో నడచును.

సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడప వరకు పారు కె.సి. కాలువను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. ఎగువ కాలువ ఎంత వెడల్పైనను, నడుమ ఒకచోట ఇరుకైనచో దిగువ పొలములకు ఆ ఇరుకునుండి వచ్చినంత నీరే చేరును. 2022లో ఏ.ఎం.డి. విడుదలచేసిన ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. అను కార్డు ఇందులకు మంచి ఉదాహరణము. దాని అంచు పొడవైనదే గాని అందు పనిచేయు వరుసలు 4 మాత్రమే. నాల్గవ తరపు బోర్డులో దానికి సెకనునకు సుమారు 7.9 గిగాబైట్లు అందును. మూడవ తరపు బోర్డులో అందు సగమే. ఆ కార్డును పాత యంత్రములో పెట్టినవారికి చాల ఆటలలో వేగము తగ్గెను. కొత్త యంత్రముగలవారికి చాలునట్లు చేసిన కార్డు, ఎవరికి ఎక్కువ అవసరమో ఆ పాత యంత్రమువారికే తక్కువగా ఉపకరించినది.

స్లాటు మాయమగుటవలన కలుగు చిక్కు పాఠశాలలకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతమున సుమారు 5000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్య ప్రవేశపెట్టినప్పుడు, ఒక డెస్కుటాపును పలువురు విద్యార్థులు వేర్వేరు తెరలతో పంచుకొను పద్ధతి అమలులోనికి వచ్చెను. ఇట్టి పరికరములలో ఒక రకము పి.సి.ఐ. స్లాటులో కూర్చుండు కార్డుపై ఆధారపడును. 2011 నుండి ఇంటెల్ తన చిప్‌సెట్లలో అనేకమునందు పి.సి.ఐ.ని విడిచివేయసాగెను. పాత బోర్డు చెడి కొత్తది కొన్నచో ఆ కార్డునకు చోటు దొరకకపోవచ్చును. బోర్డు ఒకటి మార్పబోయి తెరలన్నిటిని కోల్పోవుట ఇట్లే జరుగును.

విద్యుత్తు లెక్క

2004 తరువాత స్లాటు స్థిరపడెను. కాని అనుకూలత యను సమస్య తీరలేదు. కంటికి కనబడు చోటునుండి కనబడని చోటికి జరిగినది. మొదట అది విద్యుత్తులోనికి జరిగెను.

పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు తనంతట తాను కార్డునకు 75 వాట్ల వరకు మాత్రమే ఇయ్యగలదు. అంతకు మించి కావలసిన కార్డునకు పవర్ సప్లై నుండి ప్రత్యేకమైన తీగ రావలెను. 6 పిన్నుల తీగ 75 వాట్లు, 8 పిన్నుల తీగ 150 వాట్లు ఇచ్చును. 2022లో వచ్చిన 16 పిన్నుల తీగ 600 వాట్ల వరకు మోయును. అది పూర్తిగా లోనికి దిగనప్పుడు కొన్నిచోట్ల ముడి కరిగిన సంగతి కూడ ఆ సంవత్సరమే వెల్లడియైనది.

కార్యాలయముల కొరకు తయారైన చిన్న డెస్కుటాపులలో పవర్ సప్లై 180 నుండి 300 వాట్ల వరకే ఉండుట సాధారణము. వాటిలో 6 పిన్నుల తీగయే ఉండకపోవచ్చును. కొన్ని సంస్థల యంత్రములలో ముడులు 1995 నాటి ఏ.టి.ఎక్స్. ప్రమాణమునకు భిన్నముగా ఉండును. అట్టివాటికి బజారులోని సప్లై అమరదు. 2019లో వచ్చిన ఎన్విడియా జి.టి.ఎక్స్. 1650 కార్డు 75 వాట్లకు లోబడి యుండుటచే ప్రత్యేకమైన తీగ లేని రూపములో కూడ దొరకెను. 2023 నాటి ఆర్.టి.ఎక్స్. 4060 కార్డు 115 వాట్లు కోరును. దానికి తయారీదారు సూచించిన సప్లై 550 వాట్లు.

ఊళ్ళలో కరెంటు పోవుట ఉన్నచోట యు.పి.ఎస్. కూడ లెక్కలోనికి వచ్చును. 600 వోల్టు–ఆంపియర్లు అని వ్రాసియున్న సాధారణ యు.పి.ఎస్. సుమారు 360 వాట్లు మాత్రమే మోయగలదు. ప్రాసెసరునకు 65, కార్డునకు 115, మిగిలిన భాగములకు 50, మానిటరునకు 25 వాట్లు వేసికొన్నను 255 అగును. సప్లైలో వేడిగా పోవు నష్టము దీనికి కలిసి గోడనుండి తీయు మొత్తము సుమారు 300కు చేరును. ఒక యంత్రమునకు ఇది చాలును. పాత రోజులలో అదే యు.పి.ఎస్.పై రెండు యంత్రములను నడపినవారు, కొత్త కార్డు తగిలించిన పిదప కరెంటు పోయిన క్షణమున రెండును ఆరిపోవుట చూతురు.

ఎండ, దుమ్ము, చోటు

కర్నూలు, కడపలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట ప్రతి యేటను జరుగునదే. ఇది కార్డునకు కూడ సంబంధించిన విషయము. కార్డునుండి వేడి పోవుట దాని చుట్టునుగల గాలికిని దానికిని గల ఉష్ణోగ్రతా భేదముపై ఆధారపడును. 25 డిగ్రీల గదిలో ఒక కార్డు 75 డిగ్రీల వద్ద నిలకడగా పనిచేయునని అనుకొన్నచో, భేదము 50 డిగ్రీలు. అదే పనిని 42 డిగ్రీల గదిలో చేయునప్పుడు అంతే వేడి పోవలెనన్నచో అది 92 డిగ్రీల చెంతకు చేరవలెను. అనేక కార్డులు అంతవరకు పోకముందే తమ వేగమును తామే తగ్గించుకొనును. చల్లని గదిలో పరీక్షించి ప్రకటించిన వేగము ఏప్రిలు, మే నెలల మధ్యాహ్నములలో లభింపకపోవుటకు కారణ మిదియే.

దుమ్ము రెండవ శత్రువు. బేతంచెర్ల ప్రాంతమున నాపరాళ్ళను కోసి మెరుగుపెట్టుదురు. ఆదోనియందు పత్తి వ్యాపారము ప్రసిద్ధము. రాతిపొడియు దూదిపీచును పంకా రెక్కలపైనను లోహపు రేకుల నడుమను పేరుకొన్నచో గాలి ఆడదు. కొత్త కార్డు పెట్టుటకు ముందు పాత పెట్టెను శుభ్రము చేయుట ఖర్చులేని మేలు.

చోటు కూడ కొలువవలెను. పెద్ద కార్డులు 300 మిల్లీమీటర్ల పొడవును మించును. అనేకములు రెండు, మూడు స్లాట్ల స్థలమును ఆక్రమించును. సన్నని పెట్టెలలో పొట్టి కార్డులు మాత్రమే పట్టును. వాటికి వెనుక తగిలించు రేకు కూడ పొట్టిదే కావలెను. సాధారణమైన కొలబద్ద ఇచ్చట ఏ యంత్రముకన్నను ఎక్కువ మేలు చేయును.

కంటికి కనబడని ఒడంబడికలు

కంప్యూటరు మేల్కొనగానే మొదట నడచు చిన్న ప్రోగ్రామును 1981 నుండి బయాస్ అనిరి. ఇంటెల్ ప్రారంభించిన వేరొక పద్ధతి 2005 నుండి యు.ఇ.ఎఫ్.ఐ. అను పేర ఉమ్మడి ప్రమాణమై, 2012లో విండోస్ 8 వచ్చునప్పటికి కొత్త యంత్రములలో సాధారణమైనది. కార్డులో కూడ ఇట్టి చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండును. ఈ రెండును ఒకరి నొకరు గుర్తింపనిచో, కార్డు చక్కగా కూర్చున్నను, పంకా తిరిగినను, తెర నల్లగానే ఉండును. పాత బయాస్ గల బోర్డులో కొన్ని కొత్త కార్డులు ఇట్లు మొండికేయును. 2022లో ఇంటెల్ తెచ్చిన ఆర్క్ కార్డులు మరియొక అడుగు ముందుకు వేసినవి. ప్రాసెసరు కార్డు జ్ఞాపకమునంతయు ఒక్కసారిగా చూడగల సదుపాయము బోర్డులో లేనిచో వాటి వేగము బాగుగా తగ్గును.

తరువాత డ్రైవరు అను ప్రోగ్రాము. ఇది కార్డునకును విండోస్, లినక్స్ వంటి వ్యవస్థలకును నడుమ దుబాసి. దుబాసి ఒక భాష మరచినచో ఇరువురును మూగలే. ఎన్విడియా సంస్థ 2018 తరువాత 32 బిట్ల వ్యవస్థలకు కొత్త డ్రైవర్లు వ్రాయుట మానెను. 2012 నాటి కెప్లర్ తరపు కార్డులకు 2021లో సాధారణమైన డ్రైవర్లు ఆగిపోయినవి. విండోస్ 10కి సాధారణమైన ఆదరణ 2025 అక్టోబరుతో ముగిసెను. అనగా ఇచ్చట అనుకూలత యంత్రములలో లేదు. ఒక సంస్థ ఎంతకాలము మాట నిలుపుకొనునో దానియందు కలదు.

తెరకు పోవు తీగ

వి.జి.ఏ. పిమ్మట 1999లో డి.వి.ఐ., 2002లో హెచ్.డి.ఎం.ఐ., 2006లో డిస్‌ప్లేపోర్టు వచ్చినవి. 2010లో ఇంటెల్, ఏ.ఎం.డి. మొదలగు సంస్థలు వి.జి.ఏ.ను విడిచిపెట్టుదుమని ప్రకటించినవి. 2016 నుండి వచ్చిన ఎన్విడియా 10 వరుస కార్డులలో ఆ పాత తరంగ సంకేతము లేనేలేదు. కాని వి.జి.ఏ. మానిటర్లు మాత్రము ఇంకను పనిచేయుచునే ఉండును. అట్టి మానిటరునకు ఉత్త తీగ చాలదు. అంకెల సంకేతమును తరంగముగా మార్చు చిన్న పరికరము కావలెను.

ఒక లెక్క

ఈ అయిదింటిని ఒకచోట చేర్చి చూచుటకు ఒక ఉన్నత పాఠశాలయందలి 2012 నాటి డెస్కుటాపును ఊహింపవచ్చును. సన్నని పెట్టె, 240 వాట్ల సప్లై, రెండవ తరపు స్లాటు, బయాస్, వి.జి.ఏ. మానిటరు దానికి కలవు.

ఆర్.టి.ఎక్స్. 4060 స్లాటులో కూర్చుండును గాని పెట్టెలో చోటు చాలదు, 8 పిన్నుల తీగ లేదు, సప్లై చాలదు. ఇది తగదు. 2017 నాటి జి.టి. 1030 కార్డు 30 వాట్లకే తృప్తిపడును, పొట్టి రూపములో దొరకును. కాని దానికి 4 వరుసలే కలవు, వి.జి.ఏ. ముడి లేదు, మార్పు పరికరము అదనముగా కొనవలెను. 2016 నాటి జి.టి. 710 కార్డు 19 వాట్లు మాత్రమే కోరును, చాలవాటికి వి.జి.ఏ. ముడి కూడ కలదు. స్లాటు, విద్యుత్తు, చోటు, తీగ అన్నియు కుదిరినవి. కాని అది కెప్లర్ తరపుది. దాని దుబాసి 2021లోనే పని మానినాడు. పైపెచ్చు దాని శక్తి మితము. ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ ఉన్న యంత్రమైనచో, దానికన్న ఇది ఎంతో మెరుగని చెప్పజాలము.

మూడు కార్డులును మంచివే. మూడింటికిని మూడు వేర్వేరు అభ్యంతరములు. కనుక కొనువారు మొదట తెలిసికొనవలసినది కార్డు సంగతి కాదు, తమ యంత్రము సంగతి. మదర్‌బోర్డుపై ముద్రించిన పేరు, సప్లై ప్రక్క కాగితముపై ఉన్న వాట్ల సంఖ్య, అందలి తీగల పిన్నులు, పెట్టెలోని ఖాళీ కొలత, మానిటరు వెనుకనున్న ముడి, వ్యవస్థ పేరు, అది 32 బిట్లదో 64 బిట్లదో: ఈ ఏడింటిని ఒక కాగితముపై వ్రాసికొనవలెను. ఆ పిమ్మటనే బజారునకు పోవలెను. పెట్టె తెరచునప్పుడు గోడనుండి తీగ తీసివేసి, పెట్టె లోహమును ఒకమారు తాకి, ఒంటియందలి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనుట మరువరాదు.

ఈ కాగితము తయారుచేయించుట తరగతికి మంచి అభ్యాసము. విద్యార్థి ఒక పెట్టె తెరచి అందలి భాగముల సంవత్సరములను గుర్తింపగలిగినచో, అది ఏయే మాటలకు కట్టుబడి యున్నదో చదువనేర్చును. కొన్ని యంత్రముల విషయమున ఆ కాగితము చివర తేలు జవాబు "కొనవలదు" అనియే. వాటికి జ్ఞాపకశక్తిని పెంచుటయో, పాత హార్డుడిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. పెట్టుటయో తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేయవచ్చును. సొమ్ము తీయకముందే ఆ జవాబు దొరకుట కూడ లాభమే.